వకుళ దాటే రోజు

దీపం మసకబారడానికి ఇంకా గంటా ఇరవై నిమిషాలు ఉంది. దాక్షాయణి అప్పటికే తలంటుకుని, జుట్టు ఆరకముందే ముడి చుట్టేసి, అలసందలు రుబ్బుతోంది. అలసంద వడలు, పెసరపప్పు పాయసం, ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు. తొమ్మిది రోజులకొకసారి ఆ ఇంట్లో వండేది ఇవే. పదకొండేళ్లుగా మారలేదు. వకుళ బతికి ఉంటే ఈపాటికి పదిహేడేళ్ల పిల్ల, ఇష్టాలు మారిపోయి, తల్లి వంటకు వంకలు పెడుతూ ఉండేది. దాటు రోజున మాత్రం దానికి ఎప్పుడూ ఆరేళ్లే.

చెంగల్రాయులు వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అరగంటగా అదే పేజీ. మధ్యాహ్నం మూడింటికి దీపం తీసుకుపోవడానికి మనుషులు వస్తారు. ఆ సంగతి భార్యకు ఇంకా చెప్పలేదు. నిన్న సాయంత్రం చెబుదామనుకున్నాడు, రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాడు, పొద్దున కాఫీ తాగుతూ చెబుదామనుకున్నాడు. ఇప్పుడు అలసందలు రుబ్బే చప్పుడు వింటూ, దాటు అయిపోయాక చెబుదాములే అని మళ్లీ వాయిదా వేసుకున్నాడు.

ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఒక తారాదీపం ఉంది. జానెడు ఎత్తు గాజుబుడ్డి. అందులో వెలిగేది ఎక్కడో ఉన్న ఒక నక్షత్రం వెలుగు. భూమికి చాలా దూరాన, సూర్యుడి చుట్టూ తిరిగే వేల అద్దాల వరుస ఒకటి నక్షత్రాలన్నిటినీ రేయింబవళ్లు కనిపెడుతూ ఉంటుంది. దాన్ని వెలుగుజల్లెడ అంటారు. ఏ నక్షత్రానికైనా ముందు నుంచి దాని గ్రహం అడ్డంగా పోతే ఆ వెలుగులో పదివేలలో ఒక వంతు తగ్గుతుంది, జల్లెడ ఆ కాస్త తరుగునూ పట్టుకుంటుంది. మన కంటికి ఆనేలా దాన్ని పెంచి చూపించడం దీపం పని. గ్రహం దాటుతున్నంత సేపూ దీపం మసకగా ఉంటుంది, దాటిపోగానే మళ్లీ తేరుకుంటుంది.

మొదట్లో కొత్త గ్రహం కనబడితే పేపర్లవాళ్లు పతాక శీర్షికలు పెట్టేవారు. జల్లెడ వచ్చాక గంటకు నాలుగైదు కనబడసాగాయి. వాటికి పెట్టడానికి దేవుళ్ల పేర్లు అయిపోయాయి, నదుల పేర్లూ పూల పేర్లూ అయిపోయాయి. అప్పుడెవరో మహానుభావుడు, పోయినవాళ్ల పేర్లు పెడితే సరి అన్నాడు. పోయేవాళ్లకు ఏ కాలంలోనూ కొరత లేదు కదా. అలా మనిషికో గ్రహం ఇవ్వడం మొదలైంది. పెద్దకర్మ లోపల గ్రహపత్రం ఇంటికి వస్తుంది, దాంతోపాటే దీపం వస్తుంది. పదేళ్లు తిరిగేసరికి తద్దినాలు పోయి దాటులు వచ్చాయి. పంచాంగాల్లో తిథుల పక్కన దాటు ఘడియలు వేస్తున్నారు, ఆఫీసుల్లో దాటు సెలవు ఇస్తున్నారు.

ఎవరి గ్రహానికి ఎన్నాళ్లకు ఒక చుట్టో అన్నదాన్ని బట్టి వాళ్ల దుఃఖం నడుస్తుంది. ఎదురింటి కేశవులు తండ్రికి వచ్చిన గ్రహం ముప్పై ఒక్క ఏళ్లకు గాని దాటదు. బతికుండంగా కూడా మా నాయన అంతే, వస్తానని చెప్పి వచ్చింది లేదు, అంటాడు కేశవులు. పక్కింటి సులోచన అత్తగారిది పద్దెనిమిది గంటల గ్రహం. ఆ మహాతల్లి పోయాక కూడా కోడలిని కాళ్లు చాపుకోనివ్వడం లేదు. సులోచన గిన్నెలు తోముకుంటూ, ఒకసారి చచ్చినా తీరిక ఇవ్వలేదని గొణుక్కుంటుంది గాని, ఒక్క దాటు కూడా తప్పనిచ్చిన మనిషి కాదు.

దాక్షాయణి సంగతి వేరు. ఎనిమిది రోజులు ఆమె ఇంట్లో ఉన్నట్టే ఉండదు. ఏదో వండుతుంది, ఏదో తింటుంది, అడిగితే జవాబిస్తుంది. తొమ్మిదో రోజు మనిషి లేచి తిరుగుతుంది. మంచి చీర కడుతుంది. కూతురితో చెప్పాల్సిన కబుర్లు ముందే మనసులో కూర్చుకుంటుంది. ఆ ఒక్క రోజు ఆసరాగా మిగతా ఎనిమిదీ దాటేస్తుంది. అది చెంగల్రాయులుకు బాగా తెలుసు. అందుకే చెప్పలేకపోతున్నాడు.

ఆమె వడలు వేస్తూ వంటింట్లోంచే అంది. "పోయిన తూరి నిండుగా వచ్చింది గదా. ఈ పొద్దు అలిగి వస్తాది సూడు."

పదకొండేళ్లుగా చెబుతున్న మాటే. వకుళ దీపం ఒకసారి బాగా మసకబారుతుంది, మరుసటిసారి కొంచెమే. ఒకమారు నిండుగా, ఒకమారు మూతి ముడుచుకుని. వకుళ బతికున్నప్పుడూ అంతే, ఒకరోజు వచ్చి మెడకు చుట్టుకునేది, మరునాడు గోడవైపు తిరిగి కూర్చునేది. తల్లి దాన్ని చూసి మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా చెంగల్రాయులు లేచి వరండాలోకి పోయేవాడు. ఎందుకంటే అతను గ్రహాల సరిచూపు కేంద్రంలో పరీక్షకుడు. జల్లెడ పట్టుకున్న తరుగు నిజంగా గ్రహమేనా, మరేదైనా మాయా అని తేల్చడమే అతని ఉద్యోగం.

గ్రహం అలగదు. ఎప్పుడు దాటినా ఒకే మోతాదులో వెలుగు తగ్గిస్తుంది. ఒకసారి ఎక్కువ, మరుసటిసారి తక్కువ తగ్గుతోందంటే అక్కడ గ్రహం లేదని, ఆ నక్షత్రం వెనక ఎక్కడో దూరాన రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని అర్థం. ఒకసారి పెద్దది చిన్నదాన్ని మూస్తుంది, ఒకసారి చిన్నది పెద్దదాని మీద కాస్త నీడ వేస్తుంది. ఆ రెండిటి దోబూచులాట ముందున్న నక్షత్రం వెలుగులో కలిసిపోయి, గ్రహం దాటినట్టు కనిపిస్తుంది. కొత్తగా చేరిన పరీక్షకులకు మొదటి రోజు నేర్పే పాఠం ఇది. చెంగల్రాయులే ఎంతోమందికి నేర్పాడు.

నిన్న కేంద్రానికి కొత్త జల్లెడ లెక్కలు వచ్చాయి. దాని చూపు పాతదానికంటే పదింతలు నిశితం. పాత గ్రహాలన్నిటినీ మళ్లీ చూసి, లేనివాటి జాబితా పంపింది. దేశమంతటా నలభై వేల పైచిలుకు, మదనపల్లె ఒక్క ఊళ్లోనే రెండువందల పన్నెండు. అందులో ఎనభై మూడోది వకుళ. రద్దు కాగితం మీద పరీక్షకుడి సంతకం కావాలి, పై అధికారి శేషఫణి ఆ కాగితాలు తెచ్చి అతని ముందే పెట్టాడు.

శేషఫణి చెడ్డవాడు కాదు. అతనికి తల్లిదండ్రులిద్దరూ ఉన్నారు, పిల్లలు ముగ్గురూ చల్లగా ఉన్నారు, ఇంట్లో ఇంకా దీపం లేదు, అంతే. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదని ఓపికగా నచ్చజెప్పాడు. లేని గ్రహం బదులు ఉన్న గ్రహం ఇస్తున్నాం. రేపు మధ్యాహ్నానికల్లా అందరికీ ఉత్తరాలు వెళ్తాయి, మనవాళ్లు వెళ్లి దీపాలు తెచ్చి, కొత్త నక్షత్రానికి శ్రుతి చేసి, సాయంత్రానికి మళ్లీ అదే గూట్లో పెట్టేస్తారు. మీ పాపకు నలభై ఒక్క రోజుల గ్రహం దొరికింది, చాలా గట్టిది, నేనే స్వయంగా చూశాను అన్నాడు. చెంగల్రాయులు తల ఊపి, రెండువందల పన్నెండు సంతకాలూ పెట్టాడు.

పది గంటల నలభై నిమిషాలకు దీపం మసకబారింది. కాస్తే. దాక్షాయణి నవ్వింది. ఆకులో వడ్డించి, దీపం ముందు పీట వేసుకుని కూర్చుంది. ఈ తొమ్మిది రోజుల కబుర్లూ వరుసగా చెప్పింది. సులోచన కొడుకుకు ఉద్యోగం వచ్చిందని చెప్పింది. మోకాలు నొప్పికి కొత్త తైలం రాస్తోందని, అది కంపు కొడుతోందని చెప్పింది. మీ నాయన రెండు దినాలుగా సరిగ్గా తినలేదు, నువ్వైనా అడుగు, అని కూడా చెప్పింది. చెంగల్రాయులు వెనక గోడకు ఆనుకుని అన్నీ విన్నాడు.

రెండుంబావుకు వెలుగు తేరుకుంది. ఆమె ఆకు తీయడానికి వంగింది. కేంద్రం మనుషులు రావడానికి ఇంక ముక్కాలు గంటే ఉంది.

"దాక్షా, ఆ గ్రహం లేదంట" అన్నాడు.

"పోయిందా?"

"పోలేదు. ఎప్పుడూ లేదు."

తర్వాత అంతా చెప్పాడు. కొత్త పరీక్షకులకు చెప్పినట్టే, రెండు నక్షత్రాల సంగతి, దోబూచుల సంగతి, కొత్త జల్లెడ సంగతి. నలభై ఒక్క రోజుల గ్రహం సంగతి కూడా చెప్పాడు. ఆమె ఆకును మడిచి పట్టుకుని వింది. అలిగి రావడం, నిండుగా రావడం అందుకేనా అని అడిగింది. అందుకేనన్నాడు. నేను చెప్పినప్పుడల్లా నీకు తెలుసునా అని అడిగింది. అతను తల ఊపాడు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటినుంచీ అనుమానమే. సరి అని ముద్ర వేసిన దినం నుంచి."

"అది ఏ దినం?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. పదకొండేళ్లుగా చెప్పినదానికి ఇంకొకటి బరువు కాదు. కాని దాటు అయ్యేదాకా నోరు నొక్కుకుని కూర్చున్న మనిషికి ఒకసారి మొదలయ్యాక ఆగడం చేతకాలేదు.

"పాప పోయిన మూడో దినం" అన్నాడు.

వకుళ మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. దాన్ని మట్టిలో పెట్టి ఇంటికి వచ్చిన సాయంత్రం దాక్షాయణి అతని చెయ్యి పట్టుకుని, ఏండ్లకేండ్లు కాచుకునేది నా చేత గాదు, బిరీన వచ్చేదాన్ని చూసి పెట్టు, అంది. వరుస ప్రకారం వకుళకు రావాల్సింది పద్నాలుగేళ్ల గ్రహం. చెంగల్రాయులు ఆఫీసుకు పోయి, పరీక్ష కాని తరుగుల దొంతరంతా తిరగేశాడు. తొమ్మిది రోజులది ఒకటి కనబడింది. అప్పటికి నాలుగు దాటులే నమోదై ఉన్నాయి. రెండు లోతైనవి, రెండు కావు. పక్కన పెట్టి ఆరు నెలలు చూడాలి అన్నది నియమం. అతను సరి అని ముద్ర వేశాడు.

దాక్షాయణి ఆకును నేల మీద పెట్టింది. "మూడో దినం పాలు పోసేకి పోయినావు గదా నువ్వు."

అవును. మూడో నాడు మట్టి మీద పాలు పోసి, తలవైపు రాయి నాటి రావాలి. చిన్నపిల్లలను తండ్రే చేతుల మీద మోసుకుపోతాడు, ఆడవాళ్లు వల్లకాటికి పోరు. తల్లికి అక్కడి నుంచి దక్కేదల్లా, పాలు పోసి వచ్చినా అని మొగుడు చెప్పే మాట ఒక్కటే. ఆ పొద్దున ఆమె తన చేత్తో చెంబులో పాలు పోసి ఇచ్చింది. అతను బయలుదేరాడు కూడా. దారిలో ఆఫీసు కనబడింది. అరగంట చూసి పోదామనుకున్నాడు. తల ఎత్తేసరికి పొద్దు వాలింది, చెంబులో పాలు విరిగిపోయాయి. వాటిని ఆఫీసు వెనక కాలువలో ఒంపేసి, ఇంటికి వచ్చి, పోసి వచ్చినా అన్నాడు. రేపు పోయి రాయి నాటుదామనుకున్నాడు. అయిదో రోజుకు గ్రహపత్రం వచ్చింది, దీపం వచ్చింది, ఇంక ఎవరికీ మట్టి గుర్తు రాలేదు. ఇదంతా కూడా ఆమెకు చెప్పేశాడు.

దాక్షాయణి ఏడవలేదు. ఆరోజుల్లో కూడా ఏడవలేదు. ఎంత గుండె నిబ్బరమో అని వీధిలో ఆడవాళ్లు చెప్పుకున్నారు. చెంగల్రాయులు కూడా ఆమె తట్టుకుందనే నమ్మాడు, అందుకు ఆ దొంగముద్రే కారణమని లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. ఆమె తట్టుకోలేదని, ఎవరో పట్టి ఆపినట్టు అక్కడే ఆగిపోయిందని, తనే ఆపాడని ఇప్పుడు తెలిసింది. అతనికి చచ్చిపోవాలనిపించింది.

ఆమె లేచి చెంబు కడిగింది. పాయసానికి పోను మిగిలిన పాలన్నీ అందులో పోసింది. కొంగు నడుముకు చుట్టి, చెప్పులు వేసుకుని, పద అంది. ఆడోళ్లు ఆడికి పోరు అని అతను అనబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. గేటు దగ్గర కేంద్రం మనుషులు ఇద్దరు ఉత్తరం పట్టుకుని నిలబడి ఉన్నారు. దాక్షాయణి వాళ్ల మధ్య నుంచి నడిచిపోయింది.

వల్లకాడు ఏటి ఒడ్డున ఉంది. చెంగల్రాయులు అటువైపు వచ్చి పదకొండేళ్లయింది. అతనే కాదు, ఊళ్లో ఎవరూ రావడం లేదు. ఇప్పుడు శవాన్ని కరెంటు కొలిమికి అప్పజెప్పి ఇంటికి పోయి దీపం కోసం ఎదురుచూడటమే. బూడిద కూడా ఎవరూ అడగరు. కాపరి గుడిసె కూలిపోయింది, కాపరి ఏమయ్యాడో తెలియదు. రెండుసార్లు ఏరు పొంగి ఇసుక మేట వేసింది, మధ్యలో ఎవరో యంత్రం పెట్టి చదును చేసి వదిలేశారు. పది ఎకరాల నిండా సర్కారుతుమ్మ కంప పెరిగింది.

ఆ కంపలో మనుషులు ఉన్నారు. ముప్పై నలభై మంది ఉంటారు, ఉత్తరాలు అందుకున్నవాళ్లు. అందరూ తలలు వంచుకుని నేల చూస్తూ నడుస్తున్నారు. ఒక ముసలాయన పడిపోయిన ప్రహరీ మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ ప్రహరీ దగ్గరికి పోయాడు. ఎవరూ ఎవరినీ పలకరించడం లేదు.

"యాడ పండబెట్టినావయ్యా నా బిడ్డను?" అని అడిగింది దాక్షాయణి.

చెంగల్రాయులు గుర్తు చేసుకోవడానికి చూశాడు. చేతుల మీద బరువు గుర్తుంది. ఒక కాలి గొలుసు ఊడి రాక అలాగే వదిలేసిన సంగతి గుర్తుంది. గుంత తవ్వింది బావమరిది. అతను పోయి ఆరేళ్లయింది. పక్కన ఏముంది, ప్రహరీ ఎటువైపు ఉంది, ఏరు ఎంత దూరం? ఏదీ అందడం లేదు. అప్పుడు తను ఎటు చూస్తున్నాడో మాత్రం తెలుసు. మట్టి పోస్తున్నప్పుడే, వరుసలో వకుళకు ఏ నంబరు వస్తుందో లెక్క వేసుకుంటున్నాడు. వెలుగులో పదివేలలో ఒక వంతు తగ్గితే పట్టుకునే మనిషి, కన్నబిడ్డను పెట్టిన చోటు చూసుకోలేదు.

ఒక తుమ్మమాను కింద కాస్త ఎత్తుగా ఉన్న నేల కనబడింది. ఈడనే అని చూపించాడు.

దాక్షాయణి కూర్చుంది. ఎండుకంప చేత్తో తీసేసింది, ముల్లు గుచ్చుకున్నా చూసుకోలేదు. చెంబు వంచబోయి ఆగింది.

"ఖాయమేనా?"

ఊ అంటే చాలు. ఆమె పాలు పోస్తుంది, ఇద్దరూ ఇంటికి పోతారు, మళ్లీ ఒక చోటు ఉంటుంది. చెంగల్రాయులు ఆ మట్టి వంక చూశాడు. అది ఎవరి బిడ్డో, ఎవరి తల్లో, వట్టి ఇసుక మేటో.

"తెలీదు దాక్షా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది. చెంబు ఒళ్లో పెట్టుకుని, ఆ మట్టి మీదికి వంగి, పదకొండేళ్ల కిందట ఆసుపత్రి వరండాలో ఏడవాల్సిన ఏడుపు ఏడ్చింది. పక్కన ఉన్నవాళ్లు తలెత్తి చూసి మళ్లీ తలలు దించుకున్నారు. చెంగల్రాయులు ఆమె భుజం మీద చెయ్యి వేస్తే విదిలించి కొట్టింది. అతను మళ్లీ వేయలేదు.

చాలాసేపటికి లేచింది. ఆ మట్టి మీద నాలుగు చుక్కలు పాలు పోసింది. రెండడుగులు వేసి, ఇంకోచోట నాలుగు చుక్కలు. ఆమె ఏం చేస్తోందో అతనికి అర్థమైంది. ముందు నడిచి కంప తొక్కిపెడుతూ దారి చేశాడు. గుట్టగా ఉన్న ప్రతిచోటా, గుట్ట లేని చోట కూడా, ఆమె వంగి పాలు చిలకరించింది. పేరు పిలవలేదు, కబుర్లు చెప్పలేదు. ఒక వరుస అయింది, రెండో వరుస అయింది. ముసలాయన తన అడుగుల లెక్క ఆపి కాసేపు వాళ్లను చూసి, రోడ్డువైపు నడిచాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆయన వెంట పోయారు. మూడో వరుస సగంలో చెంబు ఖాళీ అయింది. నేల ఇంకా ముప్పాతిక పైనే మిగిలి ఉంది.

దాక్షాయణి చెంబు అతని చేతికిచ్చింది. "పో. ఇంకా తీసుకోని రా. నేను ఈడనే ఉంటా."

వంతెన దగ్గర పాల బూత్ ఉంది. చెంగల్రాయులు పరుగులాంటి నడకతో అక్కడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. బూత్ ముందు వరుస ఉంది. యాభై అరవై మంది ఉంటారు. చెంబులు, సీసాలు, అన్నం గిన్నెలు, ఏది చేతికి అందితే అది తెచ్చుకున్నారు. అందరి కాళ్లకూ ఏటి ఇసుక ఉంది. ముసలాయన ముందు భాగంలో నిలబడి ఉన్నాడు. కాస్త వెనక సులోచన ఉంది. ఆ పద్దెనిమిది గంటల గ్రహం కూడా జాబితాలో ఉందని, ఆ కాగితం మీద కూడా తనే సంతకం చేశాడని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. సులోచన అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

బూత్‌లో ఉన్న ఆమె ఖాళీ డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది. ఇంట్లో పోయినవాళ్లెవరూ లేరేమో, ఆమెకు ఏమీ తెలిసినట్టు లేదు.

"ఇందాకట్నుంచి ఇట్లే వస్తా ఉండారు, ఎందుకో తెలీదు" అంది. "పాలు అయిపోయినాయి సామీ. ఊర్లో యాడా లేవంట. రేపు తెల్లారి రాండి."

షట్టరు సగం దించింది. వరుసలోంచి ఎవరూ కదల్లేదు. ఏటి ఒడ్డున దాక్షాయణి కాచుకుని ఉంటుంది, ఎంతసేపైనా ఉంటుంది. చెంగల్రాయులు చెంబు పట్టుకుని వరుస చివరికి పోయి నిలబడ్డాడు.